పచ్చ

మా ఆఫీసులో ఇళ్ళకు పసుపు రంగు,
పార్కులకు ఆకుపచ్చ, నీళ్ళకు నీలం,
ఫ్యాక్టరీలకు ఊదా.
ఆ పట్టీ నాకంటే ముందే ఎవరో రాసిపెట్టారు.
మౌస్ పట్టుకుని గీత లోపల రంగు పొయ్యడం నా పని.
ముగ్గు నింపినంత సులువు,
గీత దాటకుంటే చాలు.

పెంచలమ్మ అత్త నోట్లో మాత్రం
పసుపూ ఆకుపచ్చా రెండూ పచ్చే.
చేమంతి పచ్చ, చిలక పచ్చ,
కూవం ఒడ్డున మా గుడిసెల వెనక నాచు పచ్చ,
గడపకు రాసిందీ పచ్చే.
మద్రాసు వీధులు మూడు తరాలు ఊడ్చినా
మా ఇంటి తెలుగు అంతే,
రెండు రంగులకూ ఒకటే చీపురు.

ఇల్లిస్తామన్న రోజు లారీ వచ్చింది.
మంచం, గ్రైండరు, కాళ్ళు కట్టిన రెండు కోళ్ళు,
ఏసు పటమూ చెంగాలమ్మ పటమూ ఒకే గోనెలో.
ఎక్కబోతూ అత్త అడిగింది,
"నువ్వు పటాలు గీసే ఆపీసులోనే గదా,
మేం పొయ్యే చోటు ఏం రంగే?"
పచ్చే అత్తా, అన్నాను.
అబద్ధం చెప్పలేదు.

అంతకు రెండేళ్ళ ముందు
పెరుంబాక్కం షీటు నా టేబుల్ మీదికే వచ్చింది.
నీలం మీద పసుపు పొయ్యమన్నారు.
ఒక్క క్లిక్కు.
చిత్తడి ఎక్కడికీ కదల్లేదు, దాని పేరు మారింది.
కొంగలకు కబురు చెప్పిన వాళ్ళు లేరు.
వానకు అసలే లేరు.

సైదాపేట నుంచి ఆదివారాలు వెళ్తుంటాను.
ఎనిమిదో అంతస్తు.
లిఫ్టు తలుపు మీద పిల్లలు సుద్దముక్కతో
లిఫ్టు బొమ్మ గీశారు.
నాలుగో అంతస్తు మలుపులో
ఒక ప్లాస్టిక్ కుర్చీ, కడ్డీకి గొలుసుతో కట్టి.
ఎవరిదో తెలీదు.
నెలలు నిండిన కోడలు కూర్చుంటుంది,
డయాలిసిస్ నుంచి వచ్చిన ఆటో సెల్వం కూర్చుంటాడు,
నీళ్ళ బిందె కూడా కూర్చుంటుంది కాసేపు.

నాలుగింటికి చీపురు పట్టాల్సిన వీధి
ఇప్పుడు రెండు బస్సుల అవతల.
మొదటి బస్సే ఐదింటికి.
ముందు ఆ గంట అత్త జీతంలోంచి పోయింది,
తర్వాత జీతమే పోయింది.

కార్తీకంలో కింద ఇళ్ళలోకి మోకాలి లోతు నీళ్ళు.
మంచినీళ్ళ పైపు, మురుగు పైపు
నా షీటు మీద రెండు వేరు గీతలు,
మధ్యన మిల్లీమీటరు.
అక్కడ భూమిలో అవి
ఒకదాని మీద ఒకటి కాలేసుకుని పడుకున్నాయి.
వారం తిరక్కుండా మనవరాలు జెనిఫర్‌కు జ్వరం.
అత్త పిల్ల రెప్పను వేలితో కిందికి లాగింది.
"చూడవే, ఏం రంగు?"

నాకు తెలిసిన మాటే.
గొంతు దాటలేదు.

కామెర్లోడికి లోకమంతా పచ్చగా కనబడుద్దంటారు.
లోకానికే పచ్చ పూసిన దానికి
ఏం కనబడుద్దో ఏ సామెతా చెప్పలేదు.

సోమవారం ఆ షీటు మళ్ళీ తెరిచాను.
దగ్గరికి లాగాను, ఇంకా దగ్గరికి.
పసుపు పెద్దదైంది గానీ మనిషి కనబడలేదు.
మెట్ల మలుపు ఉండాల్సిన చోట
ఒక చుక్క పెట్టాను.
సారు వెనకనుంచి చూసి,
"ఏంటమ్మా అది, మరకా?" అన్నారు.
కుర్చీ సార్, అన్నాను.
పట్టీలో కుర్చీకి రంగు లేదన్నారు.
నిజమే, లేదు.
చెరిపేశాను.

మరుసటి ఆదివారం బస్సు ఎక్కాను, చేతిలో కుర్చీ.
కండక్టరు దానికి లగేజీ టికెట్ కొట్టాడు.
జెనిఫర్ నీరసంగానే మెట్లు దిగొచ్చి
ఒక కాలు తను పట్టుకుంది.
ఆరో అంతస్తులో దించాం.
గొలుసు తేవడం మర్చిపోయాను.

పెంచలమ్మ అత్త రెండంతస్తులు దిగి వచ్చి
చుట్టూ తిరిగి చూసింది.
"తెల్లది కొన్నావేమే" అంది.
"మాసిపోతాదే" అంది,
మోకాళ్ళు పట్టుకుని
మెల్లగా కూర్చుంటూ.